పది నిమిషాలు ముందుండే ఇల్లు

అతన్ని అందరూ కరెక్టు అనేవారు. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, వీధి పెట్టిన పేరు. ఇరవై ఏళ్ళకు పైగా టీవీలు బాగుచేసిన మనిషి. ఎవరైనా సెట్టు మోసుకొచ్చి బల్ల మీద పెట్టి సాయంత్రానికి అయిపోతుందా అని అడిగితే, "కరెక్టుగా చెప్పాలంటే సాయంత్రానికి కాదు, రేపు మధ్యాహ్నం దాటాక" అనేవాడు. నీ పని గురించి అందరూ గొప్పగా చెబుతున్నారయ్యా అని ఎవరైనా మెచ్చుకోబోతే, అందరూ అనకండి, పక్క వీధిలో ఒకాయన చెప్పడు, ఆయన సెట్టు నా చేతిలోనే కాలిపోయింది అని సరిచేసేవాడు. ఇలాంటి మనిషికి ఇంకేం పేరు పెడతారు? మొదట వెనకాల నవ్వుకుంటూ పిలిచారు, తర్వాత మొహం మీదే పిలిచారు. చివరికి అతనే ఫోనెత్తి "కరెక్టుని మాట్లాడుతున్నా" అనే దాకా వచ్చింది.

అతని పనిలో ఒక పద్ధతి ఉండేది. బాగుచేసిన సెట్టుని వెంటనే ఇచ్చేవాడు కాదు. ఒక రోజంతా బల్ల మీద ఆడనిచ్చేవాడు. ఆ రోజంతా సెట్టుగల ఆసామి వచ్చి ఎన్నిసార్లు అడిగినా "చూస్తున్నా" అనే మాట తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. తీరా తీసుకెళ్ళాక మళ్ళీ పాడైతే తన మాటకు విలువేముంటుందని అతని బాధ. పూర్తిగా నమ్మకం కుదిరాకే నోరు విప్పడం అతని పరువు, అతని వ్యాపారం, అతని పొగరు కూడా.

ఆ తర్వాత గోడకు అతుక్కునే పల్చటి టీవీలు వచ్చాయి. అవి పాడైతే లోపల ఏ ముక్క పోయిందో వెతికే పని లేదు, బోర్డుకు బోర్డే మార్చేస్తారు. దానికి కరెక్టు అక్కర్లేదు, కంపెనీవాడు చాలు. కొన్నాళ్ళు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. తర్వాత షట్టరు దించేశాడు. అక్కడిప్పుడు ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. దుకాణంలోంచి అతను ఇంటికి తెచ్చుకున్నవి సోల్డరింగు ఐరను, మీటరు, ఇన్నేళ్ళూ కూర్చుని పనిచేసిన స్టూలు. చెక్క స్టూలు, మూడు కాళ్ళది, కూర్చునే చోట అతని ఒంటికి తగినట్టు అరిగి నున్నబడి ఉంది.

అప్పటికే భార్య మందుల ప్యాకింగు కంపెనీలో చేరి చాలా కాలమైంది. ఇప్పుడు ఇల్లు ఆమె రెక్కల మీదే నడుస్తోంది. పిల్లలు లేరు. ఆ సంగతి గురించి ఇద్దరూ ఎప్పుడో మాట్లాడుకోవడం మానేశారు. అసలు ఆ ఇంట్లో మానేసిన మాటలు చాలానే ఉన్నాయి. అందులో తప్పు ఎక్కువగా ఎవరిదంటే కరెక్టుదేనని చెప్పాలి. అతనికి ఏ మాట చెప్పినా పాఠం మొదలుపెట్టేవాడు. ఫ్రిజ్ లోపలి చక్రం మూడు అంకె మీద ఉండాలని ఒకసారి భార్యకు అరగంట సేపు చెప్పాడు. ఆమె తలూపింది. అతను నిద్రపోయాక ఐదు మీదికి తిప్పింది. పొద్దున లేచి చూసి, ఈ చక్రం వదులైపోయిందే, దానంతట అదే తిరుగుతోందే అనుకుని అతను ఒక ఆదివారం ఫ్రిజ్ వెనక రేకు ఊడదీసి కూర్చున్నాడు. ఆ చక్రం కథ అతనికి ఈరోజుకీ తెలియదు. ఆమెకు మొగుడితో వాదన పెట్టుకునే ఓపిక ఎప్పుడో అయిపోయింది. తనకు కావలసింది చప్పుడు చేయకుండా చేసుకుపోవడం అలవాటైంది.

ఆ ఇంటి గోడ గడియారం కూడా ఆమె అలవాటు ప్రకారమే నడిచేది. గుండ్రటి ప్లాస్టిక్ గడియారం, ఎప్పుడూ పది నిమిషాలు ముందుకు ఉండేది. కాపురానికొచ్చిన కొత్తలో ఆమె అలా పెట్టింది, అంతే, మళ్ళీ వెనక్కి రాలేదు. గోడ మీద ఎనిమిది అయితే ఇంకా పది నిమిషాలుందన్నమాట. ఆ లెక్క ఆమె మనసులో కట్టుకునేది కాదు, కంటితోనే కట్టేది. ఎసట్లో ఎన్ని నీళ్ళు పోయాలో చేతికి తెలిసినట్టు ఆ పది నిమిషాలు ఆమె కంటికి తెలుసు. కరెక్టుకు మాత్రం ఆ గడియారం చూస్తే ఒళ్ళు మండేది. నట్టింట్లో అబద్ధాన్ని మేకుకు తగిలించుకున్నామని రుసరుసలాడేవాడు. నిజమైన సమయమే చూసుకుని పది నిమిషాలు ముందు బయల్దేరితే పోయేదానికి ఈ తిరకాసు ఎందుకని అడిగేవాడు. ఆమె తన పనిలోకి పోయేది.

ఆ గడియారం అరిగిపోయి ఒక్కోరోజు ఉన్నచోటనే ముల్లు కొట్టుకుంటూ ఆగిపోవడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే ఆమె కంపెనీలో కుర్చీ ఖాళీ అవబోతోందని తెలిసింది.

కుర్చీ సంగతి చెప్పాలి. ఆమె పని కదులుతూ పోయే బెల్టు పక్కన నిలబడి మాత్రల పట్టీలను అట్టపెట్టెల్లో పెట్టడం. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడే ఉండాలి. బెల్టు ఆగదు కాబట్టి మనిషి కూర్చోకూడదు. బెల్టు చివర మాత్రం ఒక కుర్చీ ఉంటుంది, ఎత్తుగా, మెత్త వేసి, కింద చక్రాలతో. అందులో లైను సూపర్‌వైజరు కూర్చుంటుంది. ఆవిడ నెలాఖరుకి మానేస్తోంది. ఆ చోటికి ఇద్దరి పేర్లు అనుకున్నారు, ఒకటి ఈమెది, రెండోది ఈమధ్య చేరిన ఒక చిన్నమ్మాయిది. మేనేజరు ఇద్దర్నీ పిలిచి, పనిలో ఇద్దరూ ఒకటే, ఈ నెలంతా ఎవరికి లేటు మార్కు పడకపోతే వాళ్ళకే అన్నాడట. ఇంటికొచ్చి ఆమె జీతం ఎంత పెరుగుతుందో చెప్పలేదు. మంచం అంచున కూర్చుని రెండు మోకాళ్ళనూ చేతులతో పట్టుకుని, "కూర్చోవచ్చండీ" అంది.

ఆ మాట కరెక్టు గుండెలో దిగింది. తనేమో ఇరవై ఏళ్ళు స్టూలు మీద కూర్చుని పనిచేశాడు. ఇప్పుడు ఇంట్లో కూర్చుంటున్నాడు. ఆమె మోకాళ్ళు రాత్రి పక్క మీద ముడిచినా చాచినా చప్పుడు చేయడం అతనికి వినిపిస్తూనే ఉంది. కంపెనీ వ్యాను పొద్దున వీధి మలుపులో ఆగుతుంది, హారను కొడుతుంది, ఎవరి కోసమూ చూడకుండా పోతుంది. అది తప్పితే రెండు బస్సులు మారాలి, ఆలోగా కంపెనీ గేటు మూసేస్తారు. కాబట్టి ఇప్పుడు కుర్చీ ఆ వ్యాను మీద ఆధారపడింది, వ్యాను అందడం గోడ మీది గడియారం మీద ఆధారపడింది. బజారులో ఒక గడియారం కొనుక్కొస్తానని ఆమె అంటే అతను ఒంటికాలి మీద లేచాడు. తాను ఇంట్లో ఉండగా గడియారం కొనడమేమిటన్నాడు. జన్మలో తప్పు చూపించని గడియారం తన చేత్తో చేసి ఆ గోడకు పెడతానన్నాడు. ఆమె ఎప్పటిలాగే తలూపింది.

సామానంతా బావమరిది కొట్లోంచి తెచ్చాడు. భార్య తమ్ముడు ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్ముతాడు, మాటకు ముందు నవ్వుతాడు. బావ వస్తే కుర్చీ వేసి, "రా బావా, కరెక్టుగా ఎన్ని గంటలకొచ్చావో చెప్పు, రాసుకుంటాను" అని ఆటపట్టిస్తాడు. గోరంత కంప్యూటరు అనదగ్గ మైక్రోకంట్రోలరు బోర్డు ఒకటి, కరెంటు పోయినా బటన్ బ్యాటరీ మీద సమయం లెక్కపెడుతూ ఉండే గడియారం చిప్పు ఒకటి, వరసలు వరసలుగా ఎర్రటి చుక్కదీపాలున్న ఎల్‌ఈడీ పలకలు నాలుగు ఇచ్చాడు. పాత ల్యాప్‌టాప్ కూడా ఒకటి ఇచ్చి, మూత విరిగింది కానీ బుర్ర మంచిదే, నీలాగే బావా అన్నాడు.

తీగలూ సోల్డరింగూ అతనికి వెన్నతో పెట్టిన విద్య. ప్రోగ్రాం రాయడం మాత్రం కొత్త. ఫోనులో వీడియోలు చూస్తూ, ఆపుతూ, ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాడు. ఒక చుక్కో కామానో తప్పితే మొత్తం పని ఆగిపోవడం అతనికి తెగ నచ్చింది. ఈ బోర్డు నాలాంటిదే, సరిగ్గా చెబితే తప్ప వినదు అని మురిసిపోయాడు. మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు అంకెలు వెలిగాయి గాని ఒక్కోటీ పక్కకు వాలి పడుకున్నాయి. పలకలు ఏ వైపు తిప్పి ఉన్నాయో ప్రోగ్రాముకు చెప్పలేదు. అది సరిచేస్తే అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. అదీ సరిచేశాక ఒక నిలువు వరస చీకటిగా ఉండిపోయింది. పలక కింది లోహపు కాలు ఒకదాని దగ్గర సోల్డరు పైపైన అంటుకుంది, కరిగించి మళ్ళీ పోశాడు. చేతికి చురుక్కుమంది. చాలా కాలం తర్వాత చేతికి చురుక్కుమనడం అతనికి హాయిగా అనిపించింది.

నాలుగు పలకలనూ ఒక చెక్క చట్రంలో బిగించి, మెరుపు కొట్టకుండా ముందర నల్లటి అద్దపు రేకు పెట్టాడు. పక్కన రెండు మీటలు పెట్టాడు, ఒకటి గంటలకు, ఒకటి నిమిషాలకు. అవసరమైతే ఇంట్లో ఎవరైనా సమయం మార్చుకోవచ్చని అతని ఉద్దేశం. ఇంట్లో ఎవరైనా అంటే ఇంకెవరున్నారు? ఆ మీటలు ఆమె కోసమే పెట్టాడు. ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి.

పాత గడియారం దింపేసి కొత్తది అదే మేకుకు తగిలించాడు. వంటగదిలో పొయ్యి దగ్గర నిలబడితే గుమ్మంలోంచి సూటిగా కనిపిస్తుంది. బొటనవేలంత ఎత్తు ఎర్రటి అంకెలు, మధ్యలో టుక్కుటుక్కుమని రెండు చుక్కలు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడి చాలా సేపు చూసింది. బాగుందండీ అంది. నిజంగానే అంది. అంత సేపు తన పనిని ఆమె చూడడం అతనికి గుర్తున్నంతలో అదే మొదలు. ఏనుగెక్కినంత సంబరపడ్డాడు.

తర్వాత ఆమె, పది నిమిషాలు ముందుకు పెట్టరాదూ అని అడిగింది.

అంతే, పాఠం మొదలైంది. ఇది ఆ ప్లాస్టిక్ డొక్కు కాదన్నాడు. ఏడాదికి నిమిషం కూడా అటూ ఇటూ కాదన్నాడు. ఇలాంటి దాంతో అబద్ధం చెప్పించడం తన చేత్తో జరగదన్నాడు. ఆమె సరేనంది. సరే అన్న మాటకు ఆ ఇంట్లో అర్థమేమిటో ఫ్రిజ్‌ని అడిగితే చెబుతుంది.

మర్నాడు పొద్దున ఆమె వెళ్ళిపోయాక అతను ఫోనుతో పోల్చి చూశాడు. గడియారం ముందుకు ఉంది. కొంచెం కాదు, తొమ్మిదో పదో నిమిషాలు. గబగబా సరిచేశాడు. పగలంతా పక్కన కూర్చుని కాపలా కాశాడు, సెకను తేడా రాలేదు. తెల్లారి చూస్తే మళ్ళీ ముందుకు ఉంది. ఈసారి పదకొండు. ఆ మర్నాడు ఎనిమిది.

దాచడమెందుకు, గడియారానికి ఏ జబ్బూ లేదు. రోజూ రాత్రి అతను నిద్రపోయాక ఆమె చార్జింగులో ఉన్న ఫోను చూసుకుని, నిమిషాల మీట నొక్కిపట్టి, కాస్త అటూ ఇటూగా పది నిమిషాలు ముందుకు జరిపేది. అతను మళ్ళీ వెనక్కి తిప్పుతున్నాడని ఆమెకు తెలుసు. మొగుడి పట్టుదల తెలియనిది కాదు. రోజూ ఎసరు పెట్టినట్టే రోజూ ఈ మీట కూడా నొక్కాలి కాబోలు అనుకుంది. పొద్దున మాత్రం గోడ వంక చూసి, ఎప్పటిలాగే కంటితోనే పది తీసేసుకుని, వ్యాను వేళకు మలుపులో ఉండేది. ఆ నెలలో అప్పటిదాకా ఒక్క మార్కు పడలేదు.

ఇంట్లో మనిషి మీట నొక్కి ఉంటుందన్న ఆలోచనే అతనికి రాలేదు. ఇన్నేళ్ళలో ఆమె అతని సామాను ముట్టుకోలేదు. పైగా భార్యను అడగాలంటే గడియారం తప్పుతోందని ముందు తనే ఒప్పుకోవాలి. అంత డప్పు కొట్టుకున్నాక ఆ ముక్క చెప్పడానికి నోరు రాలేదు. రాత్రి చల్లదనానికి చిప్పులో సమయం లెక్కపెట్టే క్రిస్టల్ తేడా చేస్తోందేమోనని దాని చుట్టూ దూది చుట్టాడు. ఫ్రిజ్ మోటారు లేచినప్పుడు కరెంటు ఊగుతోందేమోనని, దాన్ని నిలకడగా ఉంచే కెపాసిటరు ఇంకోటి వేశాడు. ఏం చేసినా తెల్లారేసరికి గడియారం ముందుకు ఉండేది. తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక మిగిలింది చిప్పు. బజారులో నకిలీ చిప్పులు దొరుకుతాయని వీడియోల్లో విన్నాడు. తిన్నగా బావమరిది కొట్టుకు పోయాడు. కొట్లో నలుగురైదుగురు కొనేవాళ్ళున్నారు. వాళ్ళ ముందే చిప్పు బల్ల మీద పడేసి, సొంత బావకే దొంగ సరుకు అంటగడతావా అని అడిగాడు. బావమరిది మొహంలో నవ్వు పోయింది. అది మంచి సరుకే బావా, నువ్వేదో పొరపాటు చేస్తున్నావు అన్నాడు. ఆ పొరపాటు అన్న మాటతో కరెక్టుకు తిక్క రేగింది. తన చేతిలో పొరపాటు జరగదనీ, నీ కొట్లోనే జరుగుతుందనీ అన్నాడు. సామాను చూస్తున్న ఒకాయన చేతిలోది కింద పెట్టి మెల్లగా బయటికి నడిచాడు. బావమరిది కొత్త చిప్పు తీసి బల్ల మీద పెట్టాడు.

కొత్త చిప్పూ అదే పని చేసింది. నెలాఖరు రేపే. పెద్ద మేనేజరు వచ్చి కుర్చీ ఎవరిదో చెప్పే రోజు అది.

అప్పుడు కరెక్టుకు తట్టింది. ఆ మైక్రోకంట్రోలరు బోర్డులో వైఫై ఉంది, అతను వాడలేదు. దాన్ని ఇంట్లో ఉన్న నెట్‌కు కలిపితే గంట గంటకీ అదే పోయి అసలైన సమయం తెచ్చుకుని తనను తాను సరిచేసుకుంటుంది. చిప్పు దొంగదైనా, చల్లదనం వచ్చినా, ఏ దయ్యం వచ్చి ముందుకు తోసినా గంట తిరిగేలోపు గడియారం దారికొస్తుంది. మధ్యాహ్నమంతా కూర్చుని ఆ నాలుగు ముక్కలూ రాశాడు. పరీక్ష కోసం తనే అరగంట ముందుకు తోసి వదిలాడు. కాసేపటికి కళ్ళ ముందే అంకెలు ఒక్కసారి చెదిరి, సరైన సమయం వచ్చి నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆమెకు చెబుదామనే అనుకున్నాడు. సాయంత్రం ఆమె చెప్పులు విడుస్తుంటే మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అతని పద్ధతి ఒకటుందిగా. ఒక రోజంతా నడవందే బాగైందని చెప్పకూడదు. రేపు సాయంత్రం ఆమె కుర్చీ మాటతో వస్తుంది, తను గడియారం మాట చెబుతాడు, రెండూ ఒకేసారి. అలా ఊహించుకుని నోరు మూసుకున్నాడు. రాత్రి ఆమె ఎప్పటిలాగే ఫోను చూసుకుని మీట నొక్కి, పది నిమిషాలు ముందుకు జరిపి, దుప్పటి కప్పుకుని పడుకుంది. ఆమె నిద్రలో ఉండగా గడియారం తన పని తాను చేసుకుంది.

పొద్దున అతను లేస్తూనే ఫోను పట్టుకుని గోడ దగ్గరికి పోయాడు. రెండింట్లోనూ ఒకటే సమయం. ఎన్నాళ్ళకో. స్టూలు లాక్కుని గడియారానికి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె టీ గ్లాసు చేతికిచ్చి పోయింది. ఆ రోజు మంచి బట్టలు కట్టుకుంది. జడ ఒకసారి వేసుకుని, విప్పి, మళ్ళీ వేసుకుంది. డబ్బా సర్దుతూ మధ్య మధ్య గుమ్మంలోంచి గోడ వంక చూసి, ఇంకా వ్యవధి ఉందిలే అన్నట్టు నెమ్మదిగా కదిలింది. ఇవాళ బాగున్నావన్నాడు. ఆమె నవ్వింది.

డబ్బా మూత బిగిస్తుండగా మలుపు దగ్గర హారను మోగింది.

ఆమె చేయి ఆగిపోయింది. "ఇదేంటి, వ్యాను ఇవాళ ఇంత ముందొచ్చేసింది?"

కరెక్టు గోడ వంక చూశాడు. మొహం వెలిగిపోయింది. "ముందు కాదే. కరెక్టు టైముకే వచ్చింది."

ఆమె గడియారం చూసింది. అతన్ని చూసింది. ఏం జరిగిందో ఆమెకు అప్పుడే తెలిసిపోయింది, అతనికి ఇంకా తెలియలేదు. సంచీ పట్టుకుని చెప్పులైనా సరిగా తొడుక్కోకుండా పరుగెత్తింది. ఆ మోకాళ్ళతో ఆమె పరుగెత్తడం అతను గుమ్మంలో నిలబడి చూశాడు. మలుపు చేరేసరికి అక్కడ వ్యాను లేదు. డబ్బా ఇంట్లోనే బల్ల మీద ఉండిపోయింది.

సాయంత్రం ఆమె వచ్చి డబ్బా ఉన్న బల్ల దగ్గరే కూర్చుంది. గేటు వేసేశారనీ, బతిమాలితే తీశారు గాని మార్కు పడిందనీ చెప్పింది. పెద్ద మేనేజరు పదకొండింటికి వచ్చి ఆ చిన్నమ్మాయి పేరు చెప్పాడంది. ఆ అమ్మాయి వచ్చి, ఏమనుకోకు అక్కా అందట. ఇదంతా మామూలు గొంతుతోనే చెప్పింది. తర్వాత రోజూ రాత్రి తను మీట నొక్కే సంగతి చెప్పింది. దూది, కెపాసిటరు, బావమరిది మొహం, బల్ల మీద పడేసిన చిప్పు, అన్నీ ఒకదాని వెనక ఒకటి అతని కళ్ళ ముందుకొచ్చాయి. తర్వాత అతను వైఫై సంగతి చెప్పాడు. ఆమె విన్నది.

"నిన్న చెప్పొచ్చుగా" అంది.

"నువ్వూ మొదట్లోనే చెప్పొచ్చుగా" అన్నాడు. అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు.

"చెప్పాను. తగిలించిన రోజే అడిగాను. మీరు గడియారం ఎంత గొప్పదో చెప్పారు." ఆమె లేచి డబ్బా తీసుకుని వంటగదిలోకి పోయింది. పొద్దుటి అన్నం పాచిపోయింది. దాన్ని పారబోసి గిన్నె కడిగింది.

రెండు రోజుల తర్వాత కరెక్టు మొహం చెల్లకపోయినా బావమరిది కొట్టుకు వెళ్ళాడు. రెండో చిప్పు ఖరీదు బల్ల మీద పెట్టి, నీ సరుకులో తప్పు లేదన్నాడు. అక్క అప్పటికే తమ్ముడికి చెప్పింది. అతను ఆ రోజు కుర్చీ వేయలేదు, ఆటపట్టించలేదు. "కొట్టుకొచ్చి నన్ను నిలదీశావు. చిప్పుకి దూది చుట్టి చూశావు. ఒక్కసారి అక్కని అడిగుంటే అయిపోయేది బావా" అన్నాడు. జీవితంలో మొదటిసారి కరెక్టుకు సరిచేయడానికి ఏమీ దొరకలేదు.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచాడు. తెచ్చుకున్న సమయానికి పది నిమిషాలు కలిపి చూపించమని ప్రోగ్రాంలో ఒక వరస రాశాడు. అబద్ధం చెప్పించనన్న చేత్తోనే రాశాడు. రాత్రి భోజనాల దగ్గర ఆ మాట ఆమెకు చెప్పాడు, ఈసారి ఒక రోజు ఆగకుండానే. పది నిమిషాలు ముందుకు పెట్టాను, ఇక అలాగే ఉంటుందన్నాడు. ఆమె గోడ వైపు తల కూడా తిప్పలేదు.

"ఇప్పుడెందుకండీ" అంది.

మర్నాటి నుంచి ఆమె ఏ గడియారాన్నీ నమ్మలేదు. గోడ మీది అంకెలు ఎంత చూపించినా, వంట అయిన మరుక్షణం సంచీ భుజాన వేసుకుని బయటికి పోయేది. వ్యాను రావడానికి అరగంట పైనే ఉండేది. ఆ అరగంటా మలుపులో, మూసి ఉన్న కొట్టు ముందర నిలబడేది. అక్కడ అరుగు లేదు, బల్ల లేదు. ఇంటి కిటికీలోంచి చూస్తే కనిపించేది, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ. కుర్చీ రాలేదు సరికదా, రోజుకు ఇంకో అరగంట నిలబడడం వచ్చింది. తను చేసిన గడియారం ఆమెకు ఇచ్చింది అదే.

వారం రోజులు కిటికీలోంచి చూశాడు. ఇక చూడలేకపోయాడు. ఒక పొద్దున తన స్టూలు చంకన పెట్టుకుని మలుపు దాకా నడిచాడు. ఆమె పక్కన రోడ్డు మీద పెట్టి, పక్కకు ఒరగకుండా ఒక కాలి కింద చిన్న రాయి ముక్క దోపాడు. ఇన్నేళ్ళూ తను కూర్చున్న చోటును చేత్తో తుడిచాడు.

"కూర్చో" అన్నాడు.

ఆమె స్టూలు వంక చూసింది. వ్యానులో వాళ్ళంతా చూస్తారనీ, ఇంట్లోకి తీసుకుపొమ్మనీ అంది. కోపంగా అనలేదు, అలసిపోయిన గొంతుతో అంది. అతను తీసుకుపోలేదు. తీసుకుపోతే ఆ గుమ్మంలోకి వెళ్ళి, ఆ గడియారానికి ఎదురుగా మళ్ళీ దాని మీదే కూర్చోవాలి. అలాగని ఆమె నిలబడి ఉండగా ఇక్కడా కూర్చోలేడు. స్టూలుకు అటు ఆమె, ఇటు అతను, వ్యాను వచ్చేదాకా ఇద్దరూ నిలబడే ఉన్నారు.